పుస్తకంలో లేని పరీక్ష

శనివారం మధ్యాహ్నం

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్య, పిడుగు, నేను ముగ్గురం కులాసా. మీరూ కులాసాగా ఉన్నారని అనుకోవడం పద్ధతి కాబట్టి అనుకుంటున్నాను గానీ, సోమవారం వచ్చిన మీ ఉత్తరం చూస్తే అలా అనిపించలేదు. నాలుగు పేజీల్లో మూడు పేజీలు తిట్లే. తొమ్మిదేళ్ళ కాపురంలో మీరు గట్టిగా అరిచింది ఒక్కసారి, అదీ బొద్దింక మీద. మీలో ఇంత సరుకుందని నాకు తెలియదు. పిడుగు ఇప్పుడు కూడబలుక్కుని చదివేస్తోంది కాబట్టి ఆ ఉత్తరాన్ని బీరువా పై అరలో పెట్టాను.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మీరు చివర్లో, ఇరుకిరుకుగా, కాగితం అంచున అడిగారు. మన కంపెనీ కొత్త ఆటల పెట్టె విడుదల పన్నెండు నెలలు వాయిదా పడింది కాబట్టి ఆ చిప్పుల ఫ్యాక్టరీలో మీ బృందం గడువు కూడా అంతే పెంచారని, ఉండేవాళ్ళు ఈ నెలాఖరులోగా సంతకం పెట్టాలని, పెట్టనివాళ్ళు ఇంటికి రావచ్చు గానీ హోదా వదులుకోవాలని రాశారు. "పెట్టనా, మాననా? నీ ఇష్టం" అన్నారు. జవాబు ఈ ఉత్తరంలోనే చెబుతాను. దానికి ముందు మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. అది తెలిశాక నా ఇష్టంతో మీకు పని ఉంటుందో ఉండదో నాకు తెలియదు. అందుకని అది చెప్పాకే జవాబు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటారు. మీ హాస్టల్లో సెల్‌ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. ఆదివారం హాల్లో ఉన్న ఫోన్లో మనిషికి పది నిమిషాలు. అందులో రెండు నిమిషాలు అత్తయ్య "వినిపిస్తోందా, వినిపిస్తోందా" అనడానికి సరిపోతాయి. నాలుగు నిమిషాలు పిడుగు రిసీవరు పట్టుకుని ఏమీ మాట్లాడకుండా ఊపిరి పీలుస్తుంది. మిగిలిన నాలుగు నిమిషాల్లో, మీ వెనక వరసలో నిలబడ్డవాళ్ళ దగ్గులు వింటూ చెప్పే సంగతి కాదిది.

ముందు మీరడిగిన చిన్న విషయాలు. అత్తయ్య మోకాలికి కొత్త డాక్టరు మాత్రలు మార్చాడు. మెట్లు ఎక్కొద్దన్నాడు. ఆవిడేమో "ఎక్కొద్దన్నాడు గానీ దిగొద్దనలేదుగా" అని రోజుకి రెండుసార్లు కిందికి దిగుతున్నారు. మూడో అంతస్తు నుంచి దిగిన మనిషి మళ్ళీ పైకెలా వస్తున్నారని అడిగితే "వస్తున్నానుగా" అంటారు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మన వంశంలో లేరు కాబట్టి నేనూ ఊరుకున్నాను. వంటింటి కొళాయి కారడం ఆగిపోయింది. ప్లంబరు మూడుసార్లు వచ్చి మూడు రకాలుగా తల ఊపి వెళ్ళాడు. నాలుగోసారి పిలవకుండా నేనే వాషరు మార్చాను.

పిడుగుకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. బళ్ళో టీచరు మీ అమ్మానాన్నలు ఏం చేస్తారని అడిగితే, లేచి నిలబడి చెప్పిందట: "టీవీకి తగిలించి ఆటలాడే పెట్టె ఉంటుంది కదా, మా నాన్న అందులో చిప్పు బాగుందో లేదో చూస్తాడు. మా అమ్మ పెట్టెని చెడగొట్టడానికి చూస్తుంది." టీచరు నన్ను పిలిపించి, ఇంట్లో ఏమైనా గొడవలా అని మెల్లగా అడిగింది. నేను పరీక్షల గదిలో పనిచేస్తానని, పెట్టెల్ని వేడి చేయడం, చల్లబరచడం, కింద పడేయడం నా ఉద్యోగమని చెబితే గాని ఆవిడ మొహం తేటపడలేదు. పిడుగు చెప్పిన దాంట్లో తప్పేం లేదు. ఇరవై మాటల్లో మన ఇద్దరి బతుకూ చెప్పేసింది.

హాస్టల్లో కొత్తగా చేరినాయనకి ఇచ్చేసిన కెటిల్‌ని, దుప్పటిని తిరిగి అడగడానికి మొహం చెల్లడం లేదని రాశారు. అడక్కండి. వెళ్ళిపోతున్నానని చెప్పి ఇచ్చి, మళ్ళీ వెళ్ళి తలుపు కొడితే ఆ కొత్తాయన ఏమనుకుంటాడు? మీరు వాటిని ఇచ్చేసింది నా మాట నమ్మి. "ఈసారి ఖాయం, సర్దుకోండి" అని ఫోన్లో చెప్పింది నేనే. ఆ సంగతికే వస్తున్నాను.

మీ రెండో పేజీలో ఉంది: "ఈ వాయిదా వేయించిన మహానుభావుడెవరో నీకు తెలిసే ఉంటుంది. చెప్పు. నాలుగు నెలల్లో ఇంటికి పోవాల్సిన నలభై మందిమి ఇక్కడ వాడి కోసం కాచుకుని ఉన్నాం." ఇక్కడ క్యాంటీన్లోనూ అదే మాట. పేపర్లలో మాత్రం "మరింత మేలైన అనుభూతి కోసం" వాయిదా వేశామని వేయించారు. ఎవరు చేశారో ఎక్కడా రాయలేదు. క్యాంటీన్లో ఆ కబుర్లు మొదలైతే నేను గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు టీ గ్లాసు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని.

ఆ మహానుభావుడెవరో నాకు తెలుసు. మీకూ తెలుసు. మీ బీమా కాగితాల్లో నామినీ అని ఉన్న చోట చూసుకోండి.

చదవడం ఆపి కాసేపు నడిచి రండి. నేను ఆగుతాను.

మొదట్నుంచీ చెబుతాను. మీ అమ్మగారికి కప్పని వస్తువు కంటబడితే నిద్ర పట్టదని మీకు తెలుసు. మన ఇంట్లో టీవీకి గుడ్డ, మిక్సీకి గుడ్డ, ఇస్త్రీపెట్టెకి గుడ్డ. పిడుగు ఆడుకునే పాత పెట్టె మీద కూడా, నలుచదరంగా అంచు కుట్టిన గుడ్డ ఒకటి కప్పారు. ఆడుతుండగా కూడా తీయనివ్వరు. "దుమ్ము పడుతుందే. వస్తువన్నాక ఒంటి మీద గుడ్డ ఉండాలి" అంటారు. పాత పెట్టెకి గాలి రంధ్రాలు పక్కల ఉన్నాయి కాబట్టి ఏడేళ్ళుగా దానికేమీ కాలేదు. ఒకరోజు సాయంత్రం పిడుగు ఆడుతుంటే ఊరికే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది, కొత్త పెట్టెకి గాలి రంధ్రాలు పైన మూత మీద ఉన్నాయని.

మర్నాడు ఆ గుడ్డే సంచీలో పెట్టుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. శనివారం సగం పూటే పని కాబట్టి మధ్యాహ్నం గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. కొత్త పెట్టె ఒకటి తీసి, ఆట పెట్టి, పైన గుడ్డ కప్పి, గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. రెండు గంటల నలభై నిమిషాలకి అది ఆగిపోయింది. చల్లారాక మళ్ళీ నొక్కితే లేవలేదు. ఒక్కటే కదా, దాని ఖర్మ అనుకోవచ్చు. సోమవారం పాత దుప్పటి ఒకటి తీసుకెళ్ళి, అందరూ ఇళ్ళకి వెళ్ళాక ఇరవై ముక్కలు చేసి ఇరవై పెట్టెల మీద కప్పాను. ఇరవైలో ఏడు మళ్ళీ లేవలేదు. ఒకదాని అడుగు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. వేళ్ళు ఇంకో నిమిషం ఉంచితే బొబ్బలెక్కేవి. అంతా కాగితం మీద రాసుకుని సంతకం, తేదీ వేశాను.

ఇక్కడ మీకో ముక్క చెప్పాలి. మా పరీక్షల పుస్తకంలో నలభై పరీక్షలుంటాయి. ఎండ పరీక్ష, చలి పరీక్ష, దుమ్ము పరీక్ష, లారీలో కుదుపు పరీక్ష, పిల్లాడు జ్యూసు ఒలకబోసే పరీక్ష. గుడ్డ కప్పే పరీక్ష లేదు. ఆ పుస్తకం రాసినవాళ్ళ ఇళ్ళలో అత్తగార్లు లేరేమో. కాబట్టి పుస్తకం ప్రకారం కొత్త పెట్టె నలభైకి నలభై పాసైంది. నా చేతిలో ఉన్నది ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు.

తర్వాత రెండు రోజులకి విడుదల తేదీ మీటింగు. మీరెప్పుడూ ఆ గదిలో కూర్చోలేదు. పొడుగాటి బల్ల, కదిలితే కిర్రుమనే కుర్చీలు, గోడకి పద్దెనిమిది నెలల కేలండరు. కిటికీలోంచి చూస్తే సరుకు లారీలు వెనక్కి తిరగడం కనిపిస్తుంది. అమ్మకాల ఆయన నిలబడే మాట్లాడాడు. ఆయన కూర్చోగా నేను చూడలేదు.

"పాత పెట్టెకి ఏడేళ్ళు నిండాయండీ. కొనాల్సిన వాళ్ళంతా కొనేశారు, ఇక మిగిలింది కొననివాళ్ళే. అవతలి కంపెనీ ఆరు నెలల్లో కొత్తది దింపుతోంది. మనం ముందుండాలి. బడి సెలవులకి ముందు ఉండాలి. నాలుగు నెలలు, అంతే. ఆలస్యం అమృతం విషం అన్నారు."

మన పెద్దాయన, అంటే ఈ పెట్టెల విభాగానికంతా అధిపతి, తలెత్తకుండానే, "నిదానమే ప్రధానం అని కూడా అన్నారుగా" అన్నాడు.

"అన్నవాళ్ళెవరూ ఇప్పుడు మార్కెట్లో లేరండీ."

ఆటలు చూసే ఆవిడ చెయ్యెత్తింది. "మూడు ఆటలే తయారుగా ఉన్నాయి. అందులో ఒకటి పాత పెట్టెలో కూడా ఆడుతుంది. మరి కొత్తదెందుకు కొనాలని అడిగితే ఏం చెప్పమంటారు? పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టుంది మన పని."

"కుల్ల కుట్టి ఉంటే పిల్ల అదే పుడుతుందమ్మా. పెట్టె బయటికొస్తే ఆటలు చేసేవాళ్ళు పరిగెత్తుకుంటూ వస్తారు."

మెమరీ చిప్పులు కొనే ఆయన్ని అడిగారు, ఇప్పుడు సరుకు కరువుగా ఉంది కదా, ఏడాది ఆగితే ధర తగ్గుతుందా అని. "తగ్గొచ్చు, పెరగొచ్చు" అన్నాడు. ఆయన ఏ ప్రశ్నకైనా చెప్పే జవాబు అదే. అందుకే ఆయన మాట ఇంతవరకు తప్పలేదు.

గంటన్నర సాగింది. ఒక్కొక్కరూ చెప్పింది వింటుంటే ఒక్కొక్కరిదీ న్యాయంగానే ఉంది. ముందొస్తే జనం మన పెట్టెకి అలవాటు పడతారు, నిజమే. ఆలస్యంగా వస్తే ఆటలు ఎక్కువుంటాయి, అదీ నిజమే. పాతది ఇంకా అమ్ముడుపోతుంటే దాని గొంతు మనమే ఎందుకు నులమాలన్న మాటా నిజమే. ఇలాంటి చోట సరైన తేదీ అంటూ ఒకటి ఎక్కడో దాక్కుని ఉంటుందని నేననుకోను. ఎవరి గొంతు పెద్దదైతే ఆ నెల ఖాయమవుతుంది. ఆవేళ అమ్మకాల ఆయన గొంతే పెద్దది.

ఆఖర్న పరీక్షల గదిని అడగడం ఆనవాయితీ. వివరాలు చెప్పక్కర్లేదు, ఒక్క మాట చాలు. పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"పుస్తకం ప్రకారం అన్నీ పాసయ్యాయండీ" అన్నాను. ఫారం మీద సంతకం పెట్టాను. దుప్పటి ముక్కల కాగితం నా బల్ల సొరుగులోనే ఉంది.

ఎందుకలా చేశానో మీకు వేరే చెప్పాలా? నాలుగు నెలల్లో విడుదలైతే ఆ నెలే మీ బృందాన్ని ఎత్తేస్తారు. ఇంటికొస్తారు. ఆ బల్ల దగ్గర కూర్చున్న గంటన్నరా నేను గోడమీది కేలండరునే చూస్తున్నాను. పెట్టె గురించి కాదు.

ఆ ఆదివారమే మీకు ఫోన్లో చెప్పాను. మీరు నవ్వారు. ఈ రెండేళ్ళలో ఫోన్లో మీ నవ్వు వినడం అదే మొదటిసారి. అత్తయ్య దూరంగా కుర్చీలోంచి "వాడు నవ్వుతున్నాడా?" అని అడిగారు. ఆ వారమంతా నేను మనిషిలా లేను. బీరువాలో మీ వైపు అరల్లో చేరిన నా చీరలన్నీ తీసేశాను. మీకు తలగడ కొత్తది కొన్నాను, పాతది పిడుగు ఆక్రమించింది కాబట్టి. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దనుకుంటూనే పిడుగుకి చెప్పేశాను. అది పక్కింటికి, పై ఇంటికి, బడికి, పాల అబ్బాయికి చెప్పేసింది. మీటింగు తర్వాత పదకొండు రోజులు అలా గడిచాయి. సొరుగు మాత్రం తెరవలేదు. పెన్సిలు కావాల్సొస్తే పక్క బల్లావిడ దగ్గర అడిగి తీసుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున అచ్చుల మేస్త్రి వచ్చాడు. మూతల అచ్చు పోసే ముసలాయన, కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతుంటుంది. మీరు చూసే ఉంటారు. మన దగ్గర ఒక పద్ధతి ఉంది కదా, పెట్టెకి సరేనని సంతకం పెట్టిన మనిషి పొడి అక్షరాలు మూత లోపలివైపు, విప్పితే తప్ప కనిపించని చోట, బియ్యపుగింజంత చెక్కుతారు. అచ్చులో ఒకసారి చెక్కితే తయారైన ప్రతి పెట్టెలోనూ అవే పడతాయి. ఆయన చిన్న కాగితం, పెన్సిలు నా ముందు పెట్టాడు.

"రాసియ్యండమ్మా. పెద్దలందరూ సంతకాలు పెట్టేశారు, ఇక మీ అక్షరాలే తక్కువ."

"ఏం రాయాలి?"

"మీ పొడి అక్షరాలే. మీకు ముందు ఈ పని చేసినాయన పాత పెట్టె మూతలో తనవాటి పక్కన ఒకమ్మాయి అక్షరం కూడా కలిపి ఇచ్చాడు. తీరా పెళ్ళి ఇంకొకరితో అయింది. ఏడేళ్ళుగా కనిపించినప్పుడల్లా చెరిపెయ్ మేస్త్రీ అంటాడు. ఉక్కు మీద చెక్కింది ఎలా చెరుపుతాను? చెరిపితే గుంట పడుతుంది. అందుకే చెబుతున్నా, నిమ్మళంగా ఆలోచించుకుని రాయండి."

పెన్సిలు పట్టుకున్నాను. చెయ్యి కదల్లేదు. ఆ మేస్త్రి చెప్పిన దాంట్లో నన్ను తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు, పాపం ఆయన తన పని తాను చేసుకుంటున్నాడు. కానీ ఆ అక్షరాలు ఉండేది గుడ్డ కప్పితే మగ్గిపోయే ఆ మూత కిందే. పిడుగు లాంటి పిల్ల ఎవరో దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకోవడం కళ్ళకి కట్టింది.

"చెయ్యి నొప్పా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"కాదు. సొరుగులో ఒక కాగితం మర్చిపోయాను" అన్నాను. మర్చిపోయాననడం కూడా అబద్ధమే.

ఆ కాగితం పట్టుకుని నేరుగా పెద్దాయన గదికి వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివాడు. తేదీ మీద వేలు పెట్టాడు.

"మీటింగై పదకొండు రోజులా?"

"అవునండీ."

"ఎందుకు?"

"మా ఆయన అక్కడున్నారండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ ముక్క రిపోర్టులో రాయకు" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే నేను మంచిదాన్నే అనిపిస్తుంది. తప్పు చేసి దిద్దుకుంది, పోనీలే అనుకుంటారు. కానీ మీ దగ్గర దాచింది ఇది కాదు. ఆ మధ్యాహ్నమే మళ్ళీ అందరినీ కూర్చోబెట్టారు. మూత అచ్చు మార్చి, రంధ్రాలు పక్కలకి పెట్టి, పెద్ద ఫ్యాను వేసి, మళ్ళీ నలభై పరీక్షలూ చేయాలంటే ఎనిమిది నెలలు. అప్పటికి సెలవులు దాటిపోతాయి, ఇక వచ్చే ఏడాది సెలవులదాకా ఆగాల్సిందే. అమ్మకాల ఆయన మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు తల పట్టుకుని, తర్వాత లేచి చెప్పాడు.

"ఒక స్టిక్కరు అంటిద్దామండీ. పైన గుడ్డ కప్పరాదు అని. ఎర్ర అక్షరాలతో. తేదీ మార్చక్కర్లేదు, అచ్చు మార్చక్కర్లేదు. జనం చదువుకున్నవాళ్ళేగా?"

గదిలో అందరి మొహాలూ విప్పారాయి. పెద్దాయన కూడా సరేననేలాగే ఉన్నాడు. కాకపోతే నా వైపు చూశాడు. "నువ్వేమంటావమ్మా? స్టిక్కరుంటే సంతకం ఉంచుతావా?"

ఉంచుతానంటే చాలు. ఎవరూ తప్పనరు, చట్టం తప్పనదు. నాలుగు నెలల్లో పెట్టె బయటికొచ్చేది. నేను అన్నమాట ఇది: "మా అత్తయ్య ఆ స్టిక్కరు మీద కూడా గుడ్డ కప్పుతారండీ."

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. అంతే, తేదీ పోయింది.

ఒక్క స్టిక్కరుకి ఒప్పుకుని ఉంటే మీరు ఈ సెలవులకి ఇంట్లో ఉండేవారు. మీరే కాదు, ఆ నలభై మందీ. మొదట మీ కోసం అబద్ధమాడాను, తర్వాత మీరు రాకపోయినా సరేనని నిజం చెప్పాను. రెండూ నేనే చేశాను. రెండో దానికి పశ్చాత్తాపం లేదు. మొదటిదానికి కూడా, నిజం చెప్పాలంటే, పూర్తిగా లేదు. ఆ పదకొండు రోజులు నేను చాలా సంతోషంగా ఉన్నాను.

నాకేమైందని అడుగుతారు. ఏడాదిపాటు సంతకం పెట్టే అధికారం తీసేశారు. ఉద్యోగం ఉంది. పుస్తకాన్ని తిరగరాసే పని నాకే ఇచ్చారు. నలభై ఒకటో పరీక్షకి పుస్తకంలో పొడుగాటి పేరు పెట్టాం గానీ, గదిలో అందరూ దాన్ని అత్తగారి పరీక్ష అంటారు. అత్తయ్యకి ఈ సంగతి చెప్పలేదు. మీరూ చెప్పకండి. తన గుడ్డ వల్ల కొడుకు ఆగిపోయాడని తెలిస్తే ఆవిడ ఇంట్లో ఒక్క వస్తువు మీద గుడ్డ ఉంచరు, ఆ ఇంట్లో నేను ఉండలేను.

పిడుగుకి మాత్రం వాయిదా సంగతి చెప్పక తప్పలేదు. చాలాసేపు గోళ్ళు చూసుకుంది. "నాన్నకి మనకంటే పెట్టె ఎక్కువా?" అని అడిగింది. కాదన్నాను. "మరి?" అంది.

ఇక మీ సంతకం. మనది విచిత్రమైన కాపురం. మీరు నీ ఇష్టం అంటారు, నేను మీ ఇష్టం అంటాను, చివరికి కంపెనీ ఇష్టం జరుగుతుంది. రెండేళ్ళ కిందట మీరు వెళ్ళిందీ అలాగే. వెళ్ళమని నేననలేదు, వెళతానని మీరనలేదు, సూట్‌కేసు మాత్రం సర్దడం అయిపోయింది. వస్తే పెట్టె వచ్చినప్పుడే రావాలన్న నియమం ఎవరు పెట్టారో ఇద్దరం అడగలేదు. నేను కేలండరు చూస్తూ కూర్చున్నానే గాని, రమ్మని ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. మీ హోదాకి అడ్డం పడ్డదాన్నవుతానని భయం.

ఇప్పుడు రాస్తున్నాను. సంతకం పెట్టకండి. వచ్చేయండి.

వస్తే ఏమవుతుందో తెలుసు. బృంద నాయకుడు పోయి మామూలు ఇంజనీరు అవుతారు. ఇదివరకు మీ కింద పనిచేసిన ఆ పొడుగాయన ఇప్పుడు మీ పైన ఉంటాడు. మంచివాడే, కాస్త వాగుడెక్కువ. మీకు కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. కష్టం కాదని మీతో అనిపించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నాకు మీరు కావాలి. కారణం అంతే. ఆదివారం ఫోన్ చేసి దీని గురించి అడక్కండి, వెనక దగ్గులు వినిపిస్తే నేను మళ్ళీ మీ ఇష్టం అనేస్తాను.

నా మీద కోపం వస్తుంది. రావాలి కూడా. మీకు నవ్వు తెప్పించి మళ్ళీ లాక్కున్నదాన్ని నేను. కానీ ఆ తిట్లు కాగితం మీద రాసి పంపకండి. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని తిట్టండి. నావీ కొన్ని మాటలున్నాయి, రెండేళ్ళవి, అవీ వినాలి మీరు. పిడుగు బడికి వెళ్ళాక మొదలుపెడదాం. మధ్యాహ్నానికి అలిసిపోతే ఆపి, ఏదో ఒకటి తిని, సాయంత్రం మళ్ళీ తిడుదురుగాని. మర్నాడు కూడా తిట్టండి. నేనెక్కడికీ పోను, మీరూ ఇక ఎక్కడికీ పోకండి.

ఇట్లు,
అత్తయ్య కోడలు, పిడుగు వాళ్ళమ్మ,
మీ భార్య